మా సీనియరు అడిగిన ఒక ప్రశ్న

మా సీనియరు పోయిన కబురు కోర్టు వరండాలో విన్నాను. ఆ రోజు నాకొక సాక్షి విచారణ ఉంది. కబురు తెలియగానే జడ్జిగారు బెంచి దిగిపోయారు, కేసులన్నీ వాయిదా పడ్డాయి, మధ్యాహ్నం బార్ హాల్లో సంతాప సభ పెట్టారు. ఒడిశా సరిహద్దు అవతల ఏదో చిన్న ఊరి బస్టాండులో, బెంచీ మీద కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారట. ఒళ్ళో గుడ్డసంచి అలాగే ఉందట.

నలుగురు మాట్లాడారు. ఎక్కడ పుట్టారు, ఎక్కడ చదివారు, ఏ యేడు వకీలు సన్నదు పుచ్చుకున్నారు, అన్నీ చెప్పారు. ఒకాయన "మొండిమనిషి, మంచివాడు" అన్నాడు. ఇంకొకాయన గొంతు తగ్గించి, చివరి రోజుల్లో పాపం మనసు కాస్త చెదిరిందనీ, కేసూ కాయితమూ లేకుండా రాతి క్వారీల చుట్టూ తిరిగేవారనీ చెప్పాడు. కొందరు తలలూపారు. రెండు నిమిషాలు లేచి నిలబడ్డాం. తర్వాత టీ ఇచ్చారు.

ఆ క్వారీల చుట్టూ ఆయన దేనికి తిరిగారో ఆ హాల్లో నాకొక్కదానికే తెలుసు. లేచి చెప్పలేకపోయాను.

తొంభైల మొదట్లో నేను ఆయన దగ్గర జూనియరుగా చేరాను. ఘాటీ రోడ్డు మొదలయ్యే ఊళ్ళో, బియ్యం కొట్టు పక్క గది ఆయన ఆఫీసు. ఎప్పుడూ వాదుల తరఫునే. అందులోనూ కొండమీంచి దిగివచ్చే వాదుల తరఫున. నల్లకోటు మోచేతుల దగ్గర వెలిసి ఆకుపచ్చగా తిరిగింది. కోటు కింద తెల్లపంట్లాం, దాని కింద బురద మరకల కాన్వాసు బూట్లు. కోర్టుకు ఆ బూట్లేమిటని ఒక జడ్జిగారు మందలిస్తే, "నా కేసులు నడిచి వెళ్ళాల్సిన చోట ఉంటాయండి" అన్నారట.

ఎదుటివాళ్ళు చెప్పేది నిజంగా వినాలనుకున్నప్పుడు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకునేవారు. కళ్ళజోడు లేకపోతే ఆయనకు మనిషి మొహం ఆనదు. "మొహం కనిపిస్తుంటే నా బుర్ర దాన్ని చదవడంలో పడిపోతుందమ్మా. మాట చెవిలో పడదు" అనేవారు. అప్పట్లో అది గొప్ప కిటుకనుకున్నాను. నేనూ కొన్నాళ్ళు అనుకరించాను.

ఆయన నోట్‌బుక్కులో ఎడమ పేజీ మనది, కుడి పేజీ అవతలివాళ్ళది. ముందు కుడి పేజీ నింపేవారు. అవతలి వకీలు ఏమంటాడు, ఏ కాయితం బయటికి తీస్తాడు, మన సాక్షిని ఎక్కడ పట్టుకుంటాడు, అన్నీ పెన్సిలుతో, ఓపిగ్గా. నేను చేరిన నెలలోనే ఒక కేసులో మన వాదన రాసి తీసుకెళ్ళి చూపించాను. చదవకుండానే తిరిగి ఇచ్చేశారు.

"వాళ్ళ వాదన రాశావా?"

"లేదు సార్."

"వాళ్ళ వకీలుకంటే బాగా రాయి. అది చదివాక కూడా మన కేసు బతికుంటే, అప్పుడు మనది రాద్దాం."

సాక్షికి మాటలు నేర్పడం ఆయనకు గిట్టదు. నేర్పిన మాట మొదటి ప్రశ్నకే ఊడిపోతుందనేవారు. దానికి బదులు వాళ్ళ ఇంటికి వెళ్ళేవారు. జీపు దిగి, అది వెళ్ళలేని చోట నడిచి, గడపలో కూర్చునేవారు. మొదటి గంటంతా చోళ్ళు ఎలా పండాయి, కాఫీకి పురుగు పట్టిందా, గుంటలు బడికి వెళుతున్నారా, ఇవే కబుర్లు. పెన్సిలు బయటికి తీసేవారు కాదు. అంతా అయ్యాక తిరుగుదారిలో ఏ బండ మీదో కూర్చుని, విన్నది విన్నట్టు రాసుకునేవారు. ప్రమాదం జరిగిన చోటికి అది జరిగిన వేళకే వెళ్ళాలి. ఎండ ఎటునుంచి పడుతోందో చూడాలి. కిలోమీటర్లు అడక్కూడదు. "అక్కడికి ఎల్లొచ్చేసరికి నీ పొయ్యి మీద ఏటి ఉడుకుద్ది?" అని వాళ్ళ యాసలోనే అడిగేవారు.

విచారణకు ముందురోజు సాయంత్రం సాక్షుల్ని ఖాళీ కోర్టు హాలుకు తీసుకొచ్చేవారు. ఇదిగో బోను, ఇక్కడ నిలబడతావు. ఆ ఎత్తు కుర్చీలో జడ్జిగారు. డవాలా బంట్రోతు నీ పేరు గట్టిగా అరుస్తాడు, అది కోపం కాదు, వాడి ఉద్యోగం. ఫ్యాను చప్పుడు చేస్తుంది, నువ్వు కాస్త గట్టిగా చెప్పాలి. కొండ మనుషులు బోనులో ఎక్కి దిగి, చెక్కను తడిమి చూసుకుని నవ్వేవారు.

ఒక నియమం మాత్రం ఆయన నాచేత దాదాపు వల్లె వేయించారు. ఎదురు తిరిగిన సాక్షిని ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు అని ఎన్నైనా అడగవచ్చు. ఎందుకు అని మాత్రం అడక్కూడదు. "ఎందుకు అన్నావంటే తలుపు తీసి నువ్వు పక్కకు తప్పుకున్నట్టే. లోపల్నుంచి ఏది వస్తుందో నీకు తెలీదు" అనేవారు.

ఆ తలుపు ఆయనే తీశారు. అది బుద్రి కేసులో.

బుద్రికి అప్పుడు పాతికేళ్ళుంటాయేమో. ఆమెది అరకు అవతల, రోడ్డుకు దూరంగా ఉన్న ఒక ఊరు. ఆమె మొగుడు సోమ్ర ఒక రాతి క్వారీలో బాంబు పేలి చనిపోయాడు. రాతికి తొలిచిన కన్నంలో మందు కూరి ఒత్తి వెలిగించారు. అది పేలలేదు. ఏమైందో చూడడానికి సోమ్ర గోతిలోకి దిగాడు. అప్పుడు పేలింది. క్వారీ నడిపేవాడు మైదానపు వ్యాపారి. వాడు వేసిన జవాబులో ఉన్నది ఇంతే: సోమ్ర అనే మనిషి మా దగ్గర ఎన్నడూ పని చేయలేదు, కట్టెల కోసం వచ్చి ఎర్రజెండా లెక్కచేయకుండా లోపలికి చొరబడ్డాడు. హాజరు పుస్తకం లేదు, చీటీ లేదు. ఆ మనిషి అక్కడ పనిచేశాడని చూపడానికి మాకున్నది ఒకే ఒక్క సాక్షి. సోమ్ర పక్కనే పనిచేసిన దొంబురు. బుద్రికి సొంత అన్న.

దొంబురు ఇంటికి మూడుసార్లు వెళ్ళాం. మూడుసార్లూ అతని పెళ్ళాం సత్తు గిన్నెల్లో మాకు అంబలి పోసింది. ఎక్కువ మాట్లాడింది ఆమే. సోమ్రను డోలీ కట్టి ఎలా తెచ్చారో చెప్పింది.

"మాకు ఒక్కటే దుప్పటి ఉండీది బాబూ. దాంతోనే డోలీ కట్టినారు. దాంతోనే పూడిసినారు. ఆ సలికాలమంతా మేం నెగడు కాడే తొంగున్నాం."

సీనియరు కళ్ళజోడు తీసి వింటున్నారు. దొంబురు గడపలో కూర్చుని వెదురు చీలుస్తున్నాడు. చీల్చిన బద్దనే మళ్ళీ చీల్చాడు. దాన్ని మళ్ళీ చీల్చాడు. చివరికి అది దారంలా అయింది. అది దేనికీ పనికిరాదు. నేను చూశాను, చూసి ఊరుకున్నాను. అడిగినదానికి మాత్రం అతను జవాబు చెప్పాడు. సోమ్ర రోజూ తనతోనే పనికి వచ్చేవాడన్నాడు. కోర్టులో చెబుతానన్నాడు.

కోర్టులో చెప్పలేదు. బోనెక్కి ప్రమాణం చేసి, "సోమ్ర ఆడ పని సెయ్యనేదు. కట్టెలకి ఎల్లినాడు" అన్నాడు.

అవతలి వకీలు నవ్వు ఆపుకోవడానికి కాయితాలు సర్దుకున్నాడు. బుద్రి వెనక బల్ల మీద కూర్చుని ఉంది. అన్న మొహంలోకి చూస్తోంది. యజమాని ఇతన్ని కొనేశాడని నేననుకున్నాను. మా సీనియరూ అదే అనుకున్నారు. సాక్షి ఎదురు తిరిగాడు, క్రాస్ చేయడానికి అనుమతి కావాలని జడ్జిగారిని అడిగారు. ఇచ్చారు.

ఆయన గొంతు పెంచలేదు.

"దొంబురూ, సోమ్రని ఊళ్ళోకి డోలీలో తెచ్చారు. ఔనా?"

"ఔను."

"ఎవరు మోశారు?"

"తెలీదు. నానక్కడ ఉండనేదు."

"ఇప్పుడు నీ ఇంట్లో దుప్పట్లెన్ని?"

అతను తల ఎత్తాడు. "ఒకటి. మొన్న సంతలో కొన్నాను."

"సోమ్ర పోయిన చలికాలం?"

"నేదు."

"అంతకు ముందు?"

"ఒకటి ఉండీది."

"అదేమైంది?"

ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. దొంబురు తన అరచేతులకేసి చూసుకున్నాడు. "బావతో పూడిసినాం" అన్నాడు.

"డోలీ ఎవరు కట్టారు?"

"నానే."

"ఎక్కణ్ణించి మోశావు?"

"క్వారీ గోతిలోంచి."

"సోమ్ర ఆ రోజు కట్టెలకొచ్చాడా, పనికొచ్చాడా?"

"పనికే. రోజూ నాతోనే వొచ్చీవోడు."

జడ్జిగారు టైపిస్టుకు ఆ మాట చెప్పారు. మిషను మీద అది పడుతున్న చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. కేసు అక్కడితో గెలిచాం. సీనియరు కూర్చుంటారని నేను కుర్చీ వెనక్కి లాగాను కూడా. ఆయన కూర్చోలేదు. కళ్ళజోడు తీశారు. ఆయన గొంతులో మొదటిసారి కోపం విన్నాను. ఆ ఇంట్లో మూడుసార్లు అంబలి తాగిన మనిషి కోపం అది.

"మరి నీ చెల్లెలు చూస్తుండగా, ఇందాక ఎందుకు అబద్ధం చెప్పావు?"

దొంబురు ముందుకు జరిగాడు. బోను చెక్కను రెండు చేతులతోనూ పట్టుకున్నాడు. సీనియరుకు అతని మొహం కనిపించడం లేదు. నాకు కనిపిస్తోంది. సీనియరు కోటు పట్టుకుని లాగి కూర్చోబెట్టాలనిపించింది. జూనియర్లు అలాంటివి చేయరు.

"మేస్త్రి నన్ను ఎల్లి సూసి రమ్మన్నాడు" అన్నాడు దొంబురు. "బావని కాదు. నన్ను. నాకు బయమేసింది. నా బదులు నువ్వెల్లు బావా అన్నాను. నవ్వినాడు. ఎల్లినాడు. పనిలో ఉన్నాడంటే ఎవుడు దిగమన్నాడని అడుగుతారు గదా. నా సెల్లికి తెలిసిపోద్దని సెప్పనేదు."

బుద్రి అరవలేదు. ఏడవలేదు. బల్ల మీంచి లేచి, పక్కవాళ్ళ మోకాళ్ళు తగలకుండా చీర దగ్గరకు తీసుకుని, వరండాలోకి వెళ్ళిపోయింది.

సాక్షి చెప్పినదంతా మళ్ళీ అతనికి చదివి వినిపించాలి. అది పద్ధతి. గుమాస్తా మొదటి నుంచి చివరిదాకా ఏ మాటకూ ఆగకుండా చదివాడు. నా బదులు నువ్వెల్లు బావా అన్నదీ చదివాడు. "సరిగ్గా రాశారా?" అని అడిగారు. "సరిగ్గానే ఉంది" అని దొంబురు వేలిముద్ర వేశాడు. ఆ తర్వాత వెనక గేటు గుండా వెళ్ళిపోయాడు. కొండకు వెళ్ళే బస్సు ఎక్కలేదు. ఆ రోజు నుంచి ఊళ్ళో ఎవరూ అతన్ని చూడలేదు. కొన్నాళ్ళకు పెళ్ళాం పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోయింది. ఇల్లు రెండు వానలకే కూలింది.

ఆ సాయంత్రం ఆఫీసులో సీనియరు దీపం వేసుకోలేదు.

"వాణ్ణి కొనేశారనుకున్నానమ్మా" అన్నారు.

"అందరం అదే అనుకున్నాం సార్."

"అందరూ అనుకున్నారు. నేను రాసుకున్నాను." నోట్‌బుక్కు తెరిచి నా ముందుకు తోశారు. కుడి పేజీలో, ఆయన నీటైన అక్షరాల్లో, దొంబురు పేరు పక్కన రెండే మాటలున్నాయి. డబ్బుకు లొంగవచ్చు.

"మూడుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను. దుప్పటి సంగతి తెలుసుకున్నాను. వాడి మొహం చూడలేదు."

వెదురు బద్ద సంగతి అప్పుడు చెప్పాను. ఆయన నోట్‌బుక్కు మూసేశారు. "ముందే చెప్పాల్సింది" అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

తీర్పు మా పక్షాన వచ్చింది. అవతలివాళ్ళు అప్పీలుకు వెళ్ళారు, అక్కడా ఓడారు. అంతా తేలేసరికి ఇంకో ప్రభుత్వం వచ్చింది, ఆయన జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఆఖరి తీర్పు నకలు పట్టుకుని ఇద్దరం కొండెక్కాం. వలిసె పూసే రోజులు. వాలంతా పసుపుపచ్చగా ఉంది. బుద్రి ఇంటి ముందు చోళ్ళు దంచుతోంది. సీనియరు గడపలో కూర్చుని కాయితంలో ఉన్నదంతా నెమ్మదిగా చెప్పారు. ఆమె రోకలి ఆపి విన్నది.

"మా అన్న యాడున్నాడో ఇందులో రాసినారా?"

"లేదమ్మా. అది వేరే సంగతి."

"అయితే దానికో కేసెయ్యి."

"అలాంటి కేసు ఉండదు."

ఆమె ఆయన్ని కాసేపు చూసింది. కోపంగా కాదు. అర్థంకాక.

"నువ్వు అడిగినావు గదా బాబూ. నువ్వడిగితేనే గదా ఆడు సెప్పినాడు. ఆడు నాకేటి పగోడా? నాకు కోపం వొచ్చిన మాట నిజమే. ఒక వానాకాలం ఉంది ఆ కోపం. పోయింది. పోయిందని సెప్పడానికి ఆడు కనబడనేదు."

తిరిగి జీపులో దిగాం. ఘాటీ మలుపుల్లో జీపు కుదుపుకు ఆయన తల పక్కకు తగులుతున్నా సర్దుకోలేదు. ఆ మర్నాడే మొదలుపెట్టారు. దొంబురుకు రాయి కొట్టడం తప్ప వేరే పని రాదు, కాబట్టి ఎక్కడో ఒక క్వారీలోనే ఉంటాడు. కేసు తయారీకి ఎలా తిరిగేవారో ఇప్పుడూ అలాగే తిరిగారు. అదే గుడ్డసంచి, అవే కాన్వాసు బూట్లు. సరిహద్దుకు ఇవతల ఉన్న క్వారీలు, తర్వాత అవతలివి. పని దిగే వేళకు గేటు ముందు నిలబడి ఒక్కొక్కరి మొహం చూసేవారు. ఈసారి కళ్ళజోడు పెట్టుకుని. నెలకొకసారి కొండెక్కి బుద్రికి కబురు చెప్పేవారు.

కోర్టులో ఆయన పద్ధతి కూడా మారింది. ఏ సాక్షినైనా బోనెక్కించే ముందు పక్కకు తీసుకెళ్ళి, "నువ్వు నలుగురిలో చెప్పకూడదనుకునేది ఏదైనా ఉందా? ఏమిటో నాకు చెప్పక్కర్లేదు. ఉందో లేదో చెప్పు చాలు" అనేవారు. ఉందంటే ఆ సాక్షిని పిలిచేవారు కాదు. అలా రెండు మూడు మంచి కేసులు పోయాయి. ఒక కేసులో తండ్రిని పోగొట్టుకున్న ముగ్గురు పిల్లలకు ఏమీ రాలేదు. ముసలాయన మెత్తబడ్డాడని బార్‌లో అనుకున్నారు. ఆ పిల్లల విషయంలో నేనే ఆయనతో దెబ్బలాడాను.

"ఆ సాక్షి దాచుకున్న రహస్యానికి ఈ పిల్లలు ఎందుకు నష్టపోవాలి సార్? బుద్రి కేసులో మీరు దుప్పటి సంగతి అడక్కపోతే ఆమెకు ఏం మిగిలేది?"

"దుప్పటి సంగతి మళ్ళీ అడుగుతానమ్మా" అన్నారు. "దాని తర్వాతది అడగను. కానీ ఏది దుప్పటో, ఏది దాని తర్వాతదో ముందుగా తెలుసుకోవడం నాకిప్పుడు చేతకావడం లేదు."

ఆ తర్వాత నేను వేరే ఆఫీసు పెట్టుకున్నాను. ఆయన కేసులు తగ్గించుకున్నారు. ఎప్పుడైనా ఎదురుపడితే, "ఈ నెల రెండు క్వారీలు చూశానమ్మా" అని మాత్రం చెప్పేవారు. మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. చివరి రెండేళ్ళు కర్రతో నడిచారు. ఇంట్లోవాళ్ళు వద్దని గొడవ పడేవారట.

సంతాప సభ అయిన వారానికి నేను కొండెక్కాను. ఆ కబురు బుద్రికి చెప్పేవాళ్ళు నేను తప్ప ఎవరూ లేరు. ఇప్పుడు వాళ్ళ ఊరి దాకా మట్టిరోడ్డు ఉంది. ఆమె నన్ను గుర్తుపట్టింది. వకీలమ్మా అని పీట వేసింది. చెప్పాను. ఏ ఊళ్ళో పోయారో, అక్కడికి దేనికి వెళ్ళారో కూడా చెప్పాను.

ఆమె గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

"మా అన్న పోయి నాలుగేళ్ళయిందమ్మా" అంది.

నాకు మొదట అర్థం కాలేదు. ఆమే చెప్పింది. సంతకు వచ్చిన అవతలి ఊరి మనిషొకడు కబురు తెచ్చాడు. ఏదో క్వారీలోనే. రాతిపొడికి ఊపిరితిత్తులు పాడై, దగ్గి దగ్గి పోయాడు. ఆ పక్కనే పూడ్చారు.

"నాలుగేళ్ళా? మరి ఆయనకు చెప్పలేదా? నెలనెలా వచ్చేవారు కదా."

"వొచ్చీవోడు" అంది బుద్రి. "ఈ గడపలోనే కూకునీవోడు. ఇంకా ఎతుకుతున్నానమ్మా, ఈ మాటు ఒకడు సూసినానన్నాడు, అనీవోడు. ఆ మాట అనేటప్పుడు మాత్రం ఆ మొకంలో కొంచెం పానం ఉండీది. ఆడు సచ్చిపోయినాడని నానెలా సెప్పను? అంబలి పోసీదాన్ని. తాగి ఎల్లిపోయీవోడు."

బయట ఎవరో ఆమెను పిలిచారు. ఆమె చెయ్యి ఊపి ఉండమంది.

"సెప్పుంటే ఇంటికాడే ఉండీవోడు, ఔనా అమ్మా?" అని అడిగింది. "ఉండుంటే బతికీవోడా?"

వకీలుగా ఇరవై ఏళ్ళుగా మనుషులకు జవాబులు చెబుతున్నదాన్ని. ఆమె నా మొహంలోకే చూస్తూ ఎదురుచూసింది. నేను తెలీదన్నాను.